ఏఐ యాప్‌ను వికలాంగులూ వాడుకునేలా చేయడం ఎలా?

బెంగళూరులో ఇప్పుడు ఏ చిన్న కంపెనీలో చూసినా ఒక చాట్‌బాటో, ఫోన్‌లో మాట్లాడే వాయిస్‌బాటో తయారవుతూ ఉంటుంది. మారతహళ్లి, బెల్లందూరు వైపు ఆ టీముల్లో మనవాళ్లు బాగానే ఉన్నారు. చూపు లేనివారు, వినపడనివారు, మాట తడబడేవారు దాన్ని వాడగలరా అన్న ప్రశ్న మాత్రం రిలీజ్ ముందు, ఏదో పెద్ద క్లయింటు ఆడిట్ రిపోర్టు అడిగినప్పుడే వస్తుంది. అప్పుడు టెన్షన్ పడటం తప్ప చేయగలిగింది పెద్దగా ఉండదు. కాబట్టి ఈ పని మొదటి నుంచీ ఎలా చేసుకురావాలో చూద్దాం. కోడ్ రాయనివారు కూడా చదవండి, ఇందులో సగం నిర్ణయాలు మీవే.

మొదట: ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

మన దేశంలో ఏఐ కోసమని విడిగా చట్టం లేదు. అంతమాత్రాన అడిగేవాళ్లు లేరని కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. అందులోని 46వ సెక్షన్ సేవలందించే సంస్థ ప్రభుత్వానిదా, ప్రైవేటుదా అన్న తేడా చూడదు. వెబ్‌సైట్లు, యాప్‌లు ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 17802. దాన్ని 2023లో ఈ చట్టం నిబంధనల్లోకి తెచ్చారు. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా 10,000 రూపాయల వరకే. ఆ తర్వాతి ఉల్లంఘనలకు 50,000 నుంచి 5 లక్షల దాకా ఉంటుంది.

యూరప్‌లో అమ్మే ఉద్దేశం ఉంటే సంగతి వేరు. అక్కడి ఏఐ చట్టం ఎక్కువ ప్రమాదమున్న వ్యవస్థల తయారీదారులకు యాక్సెసిబిలిటీని, అంటే వికలాంగులూ వాడుకోగలిగేలా ఉండటాన్ని, నేరుగా బాధ్యతగా పెట్టింది. ఉద్యోగ దరఖాస్తులను వడపోసే ఏఐ ఆ కోవలోకే వస్తుంది. దీనికి తోడు యూరప్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమలులో ఉంది.

రెండు: తెరతో పాటు జవాబునూ చూడండి

బటన్లకు పేర్లు, మౌస్ లేకుండా కీబోర్డుతోనే పని జరగడం, మామూలు సైజు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 కాంట్రాస్ట్ (వెలుగులో తేడా)... ఇవి ఏ వెబ్‌సైట్‌కైనా ఉండాల్సినవే, వెబ్ యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయంగా వాడే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో ఉన్నాయి. ఏఐతో వచ్చే కొత్త చిక్కు జవాబులో ఉంటుంది.

చాట్‌బాట్ జవాబు ముక్కలు ముక్కలుగా తెర మీదకు వస్తుంది కదా. ప్రతి ముక్కకూ స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) మాట్లాడితే వినేవారికి తల తిరుగుతుంది. అసలేమీ చెప్పకపోతే జవాబు వచ్చిందో లేదో తెలియదు. ‘జవాబు తయారవుతోంది’ అని ఒకసారి చెప్పించి, వాక్యమో పేరానో పూర్తయ్యాక చదివించండి. జవాబు రాసే ఏఐ మోడల్ పెట్టే ఫార్మాటింగ్ గుర్తులను తెర మీద సరిగా మార్చకపోతే స్క్రీన్ రీడర్ వాటినీ ‘స్టార్ స్టార్’ అని చదివేస్తుంది.

తెలుగు, కన్నడ జవాబులకు ఇంకో పని ఉంది. పేజీ కోడ్‌లో భాష ఏదో గుర్తు పెట్టాలి. లేకపోతే కొన్ని స్క్రీన్ రీడర్లు తెలుగును ఇంగ్లీష్ గొంతుతో చదవబోయి గందరగోళం చేస్తాయి, లేదంటే మౌనంగా దాటేస్తాయి. ఒకే జవాబులో రెండు భాషలుంటే ఏ భాగానికి ఆ గుర్తు పెట్టండి. చిన్న పనే, కానీ చాలామంది మరిచిపోయేది ఇదే.

మూడు: కెమెరా, మైకు ఉన్నచోట రెండో దారి పెట్టండి

నా లెక్కన అన్నిటికన్నా పెద్ద అన్యాయం జరిగేది ఇక్కడే. బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు బతికున్న మనిషేనా అని చూడటానికి యాప్ ‘కళ్లు ఆర్పండి’ అంటుంది. యాసిడ్ దాడికి గురైనవారిలో కొందరు ఆర్పలేరు. చూపు లేనివారికి ముఖం ఫ్రేములో ఉందో లేదో తెలియదు. వీరి పిటిషన్ల మీద సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ (జీవించే హక్కు) కిందికి వచ్చే హక్కేనని చెప్పింది. కళ్లు ఆర్పడం ఒక్కటే కాక వేరే పద్ధతులూ ఉండాలనడంతో పాటు మొత్తం 20 ఆదేశాలిచ్చింది.

అంటే డిజైన్ దశలోనే అడగాల్సినవి ఇవి: ఈ పని చేయలేనివారు ఏం చేస్తారు? ఆ రెండో దారి మొదటి దారి పక్కనే కనిపిస్తుందా, ‘సహాయం’ పేజీ అడుగున దాక్కుందా? ‘కాస్త ఎడమకు జరగండి’ అని యాప్ నోటితో చెబుతుందా?

వాయిస్‌బాట్‌దీ అదే కథ. నత్తి ఉన్నవారు, సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట స్పష్టంగా రానివారు ఒక్క క్షణం ఆగితే మాట అయిపోయిందనుకుని బాట్ మధ్యలో దూరుతుంది. ఆగే సమయాన్ని పెంచుకునే సెట్టింగ్ ఇవ్వండి. అంకెలు నొక్కి, టైప్ చేసి కూడా పని ముగిసేలా చూడండి. అనంతపురం యాసలో, మధ్యలో రెండు కన్నడ మాటలు కలిపి మాట్లాడే బెంగళూరు తెలుగును కూడా పరీక్షలో పెట్టండి. అది వైకల్యం కాదు, కానీ బాట్ బోర్లా పడేది అక్కడ కూడా.

నాలుగు: తీర్పు చెప్పే ఏఐని అనుమానించండి

వీడియో ఇంటర్వ్యూలో కళ్లు ఎటు చూస్తున్నాయి, ముఖకవళికలు, గొంతు తీరు చూసి మార్కులేసే ఏఐ ఆటిజం ఉన్నవారికి, చూపు లేనివారికి, ముఖంలో పక్షవాతం ఉన్నవారికి పనితనంతో సంబంధం లేకుండా మార్కులు తగ్గించే ప్రమాదం ఉంది. అలాంటి కొలతలను సరిదిద్దడం కన్నా తీసేయడమే మేలంటాను. తీసేయలేమంటే తిరస్కరించే ముందు ఒక మనిషి చూడాలి. వేరే పద్ధతిలో ఇంటర్వ్యూ అడిగే వీలుందని అభ్యర్థికి ముందే చెప్పాలి.

ఐదు: వాడేవాళ్లను పిలవండి, డబ్బివ్వండి

ఆటోమేటిక్ టూల్ బటన్‌కు పేరు లేదని పట్టుకుంటుంది. బాట్ జవాబు అర్థంపర్థం లేకుండా ఉందని పట్టుకోలేదు. వెబ్‌సైట్‌కు ఒక ముక్క కోడ్ అతికిస్తే అన్నీ సరిపోతాయని అమ్మేవాళ్ల మాటా నమ్మకండి. అలాంటి ప్రచారం చేసిన ఒక కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది.

ముందు మీ టీములోనే కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ పెట్టుకుని, మానిటర్ ఆపేసి ఒక పని పూర్తి చేయండి. అది ఉచితం. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనైతే టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ఉంటుంది. ఆ తర్వాత అసలైన పరీక్ష. బెంగళూరులో ఎనేబుల్ ఇండియా, మిత్రజ్యోతి లాంటి సంస్థలు ఏళ్లుగా వికలాంగులతో పనిచేస్తున్నాయి. అలాంటి చోట్ల అడిగితే పరీక్షించేవారిని ఎలా కలవాలో దారి దొరకవచ్చు. వచ్చినవారికి టీ ఇచ్చి పంపడం కాదు, గంటల లెక్కన ఫీజు ఇవ్వాలి. ‘ఇది నొక్కండి’ అని పక్కనుంచి చెప్పకుండా, పని చెప్పి ఊరుకోండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకోండి.

ఆరు: రిలీజ్ తర్వాత

‘మనిషితో మాట్లాడాలి’ అన్న దారి ప్రతి తెర మీదా ఉండాలి. ఫిర్యాదు ఈమెయిల్‌ను ఎవరు చూస్తారో పేరు పెట్టి తేల్చండి. జవాబు రాకపోతే ఫిర్యాదు చేసిన మనిషి రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్లగలరు. మోడల్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు తెర మారదు, జవాబుల తీరు మారిపోతుంది. నిన్నటిదాకా ఫొటోలోని బిల్లు మొత్తాన్ని సరిగ్గా చదివినది రేపు అంకె తప్పు చదవొచ్చు. చూపు లేనివారు దాన్ని కంటితో సరిచూసుకోలేరు కదా. అందుకే అవే పరీక్షలను వెర్షన్ మారిన ప్రతిసారీ మళ్లీ నడిపి, ఫలితాలను తేదీ వేసి దాచండి. ఆడిటర్ అడిగేది ఆ ఫైలే.