జీవిత చిత్రణ రాయడం నేర్చుకుందాం - 3వ పాఠం: కిటికీ దూకిన ఎమ్మెల్యే

పోయిన పాఠంలో అబ్రహాం లింకన్ ఇలినాయ్ శాసనసభలో గడిపిన కాలానికి తేదీల పట్టిక వేయమన్నాను. మీది ఇంచుమించు ఇలా వచ్చి ఉండాలి: 1832లో పోటీ, ఓటమి. 1834లో గెలుపు. 1836, 1838, 1840ల్లో మళ్లీ గెలుపు. 1837లో రాజధానిని వాండేలియా నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్‌కి మార్చే నిర్ణయం. అన్నీ కరెక్టే. కాకపోతే సర్వీసు రిజిస్టరు చదివినట్టు ఉంది, మనిషి కనపడడు.

ఈసారి పట్టికలోంచి ఒక్క రోజు తీసుకుని విప్పుదాం. మొదటిసారి గెలిచినప్పుడు అప్పు చేసి సూటు కుట్టించుకున్న కథ చాలామందికి ఇష్టం. నాకైతే అది అరిగిపోయినట్టు అనిపిస్తుంది. 1840 డిసెంబరు 5 తీసుకోండి.

"ఆ రోజు లింకన్ సభ కిటికీలోంచి బయటికి దూకాడు." ఇలా రాస్తే తప్పేం లేదు. కానీ చదివేవాళ్లు నవ్వేసి పేజీ తిప్పేస్తారు, ఎందుకు దూకాడో వాళ్లకి తెలియదు కదా. అందుకని ముందు అప్పటి రూలు చెప్పాలి.

ఇలినాయ్ స్టేట్ బ్యాంకు తన నోట్లకి బదులు వెండి బంగారు నాణేలు ఇవ్వడం ఆపేసింది. సభ సమావేశాలు ముగిసేదాకా ఆ వెసులుబాటు ఉంది. అప్పుడు జరుగుతున్న ప్రత్యేక సమావేశం ఆ రోజు, అంటే శనివారం, నిరవధికంగా వాయిదా పడితే బ్యాంకు మళ్లీ నాణేలు లెక్కపెట్టి ఇవ్వాల్సిందే. డెమోక్రాట్లకి కావలసింది అదే. బ్యాంకును కాపాడాలనుకున్న విగ్ పార్టీ వాళ్లు సభకే రాలేదు. మూడింట రెండొంతుల మంది లేకపోతే కోరం ఉండదు, కోరం లేకపోతే వాయిదా తీర్మానం చెల్లదు. విగ్‌ల నాయకుడు లింకన్, మరి కొందరు మాత్రం లోపల కూర్చుని పరిస్థితి గమనిస్తున్నారు.

ఇప్పుడు సంఘటన రాయండి, పొట్టి వాక్యాల్లో. బయట ఉన్న సభ్యుల్ని వెతికి పట్టుకొచ్చారు. తలలు లెక్కపెడితే కోరం సరిపోయింది. లింకన్‌కి టెన్షన్ మొదలైంది. తలుపులు మూసి ఉన్నాయి. అతను, ఇంకో ఇద్దరు కిటికీ తెరిచి దూకేశారు. అప్పటికే వాళ్ల పేర్లు హాజరులో పడిపోయాయి! వాయిదా తీర్మానం నెగ్గింది. అంత పొడుగు కాళ్లకి కిటికీ నుంచి నేల ఎంత దూరమని డెమోక్రాట్ పత్రిక ఒకటి ఎగతాళి చేసింది. ఇకమీదట సభను పై అంతస్తుకి మార్చాలని సలహా కూడా ఇచ్చింది.

చూశారా, రూలు ముందు తెలియడం వల్ల హాజరు మాట దగ్గర నవ్వొస్తుంది. 31 ఏళ్ల లింకన్ ఎత్తులు వేయడంలో ఎంత పట్టుదల మనిషో, ఎక్కడ తడబడ్డాడో కూడా అక్కడే తెలుస్తుంది. "తర్వాత దేశాధ్యక్షుడైన మహానుభావుడు" అని మధ్యలో చొప్పించకండి. ఆ రోజు సభలో ఎవరికీ ఆ సంగతి తెలియదు.

అభ్యాసం: 1837 మార్చి 3. బానిసత్వం అన్యాయం మీద, చెడ్డ విధానం మీద నిలబడిందని లింకన్, తోటి సభ్యుడు డాన్ స్టోన్ సభ రికార్డుల్లో రాయించారు. సంతకాలు చేసింది వాళ్లిద్దరే. అయితే బానిసత్వ నిర్మూలన వాదుల ప్రచారం వల్ల ఆ కీడు తగ్గకపోగా పెరుగుతోందని కూడా అందులోనే ఉంది. ఈ రోజును 150 మాటల్లో రాయండి. రెండో సగం ఇబ్బందిగా ఉందని వదిలేయొద్దు. వచ్చే పాఠంలో మీ చిత్తుప్రతిని దిద్దుకోవడం చూద్దాం.