పైల్ పునాదులు – పాఠం 5: లారీ లెక్క చూసి ట్రెమీ పైపు లాగొద్దు

ఈసారి పైల్ క్యాప్ (పైల్స్ తలల మీద పోసే కాంక్రీట్ దిమ్మ) మొదలుపెడదామనుకున్నాను. కిందటి లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక మానుకున్నాను.

లెక్క ఇదీ: 800 మి.మీ. పైల్ (నేలలో బోరు తవ్వి కాంక్రీట్ నింపే పునాది స్తంభం), 24 మీటర్ల లోతు, 3 మీటర్ల ట్రెమీ ముక్కలు (ట్రెమీ అంటే బోరు అడుగునుంచి కాంక్రీట్ పోసే పైపు; కాంక్రీట్ లేచేకొద్దీ పైకి లాగి ముక్కలు తీస్తాం), పైపు అడుగు 23.7 మీటర్ల దగ్గర. 6 ఘనమీటర్ల కాంక్రీట్ లారీ ఒకటి పోశాక ఎన్ని ముక్కలు తీయొచ్చు? వ్యాసాన్నే వ్యాసార్ధం అనుకున్నవాళ్లు మళ్లీ చేసుకోండి. నాకు చిరాకు తెప్పించింది గుణకారమంతా సరిగ్గా చేసి, ‘మూడు’ అని ధీమాగా రాసినవాళ్లు.

వాళ్ల దారి చూడండి. వైశాల్యం 0.503 చదరపు మీటర్లు. కాంక్రీట్ 11.9 మీటర్లు లేస్తుంది, అంటే పైనుంచి 12.1 దగ్గరుంటుంది. పైపు కాంక్రీట్‌లో 2 మీటర్లు మునిగి ఉండాలి కాబట్టి 14.1 దాకా లాగొచ్చు. మూడు ముక్కలు తీస్తే అడుగు 14.7కి వస్తుంది. కాగితం మీద బాగానే ఉంది.

చెన్నైలో తిరువాన్మియూర్ వైపు ఇసుకలో బోరు అక్కడక్కడా విరిగి సగటున 900 మి.మీ. అయిందనుకోండి. అదే లారీ 9.4 మీటర్లే నింపుతుంది. కాంక్రీట్ 14.6 దగ్గర, మీ పైపు 14.7 దగ్గర. మునిగింది పది సెంటీమీటర్లు! హాపర్ (పైపు మీది గరాటు) కాస్త కుదిపితే పైపు బయటికొస్తుంది, ఆ తర్వాత పోసింది బెంటనైట్ (బోరు కూలకుండా నింపే బంకమట్టి ద్రవం) లోంచి జారి బురదతో కలుస్తుంది. పైల్ నడుమ ఒక మట్టి పొర మిగులుతుంది. పైపును మళ్లీ గుచ్చేసి ఏమీ జరగనట్టు పోసేవాళ్లున్నారు. ఆ పొర మాత్రం అక్కడే ఉంటుంది.

టేపు రీడింగ్ (కాంక్రీట్ పైభాగం ఎంత లోతులో ఉందో టేపు దించి కొలిచింది) కావాలనే ఇవ్వలేదు. అది లేకుండా ఈ లెక్కకు జవాబే లేదు.

కొలవడానికి నాకు స్టీల్ టేపే ఇష్టం, నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది. చివర అడుగు చదునుగా ఉన్న బరువు కట్టండి. మొన తేలిన గుండు కాంక్రీట్‌లోకి దిగిపోతుంది, మరీ తేలికైంది పైనున్న చిక్కటి బురద మీదే ఆగుతుంది. రెండు వైపులా కొలిచి, ఎక్కువ లోతు చూపించిందే తీసుకోండి. రాత్రి పోతలో తర్వాతి లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే టెన్షన్‌లో ముందే పైపు లాగేస్తారు. ఆ ఖాళీలో చేయాల్సింది కొలవడం.

టేపు లెక్క కంటే పైన చూపించినా సంబరపడొద్దు. పల్లికరణై లాంటి మెత్తటి బంకమట్టిలో బోరు లోపలికి నొక్కుకుపోయి పైల్ సన్నబడి ఉండొచ్చు.

కాంక్రీట్ స్లంప్ (ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత) 150–180 మి.మీ. ఉండాలని పైల్ పునాదుల భారత ప్రమాణం ఐఎస్ 2911 చెబుతుంది. కేజ్ (ఉక్కు కడ్డీల బోను) దించడం, బెంటనైట్ కలపడం సైట్‌లో ఉన్నవాళ్లకు తెలిసిందే, రాయను.

అభ్యాసం: 1200 మి.మీ. పైల్, 30 మీటర్లు, పైపు అడుగు 29.7 దగ్గర, ముక్కలు 3 మీటర్లవే. మూడు లారీలు, ఒక్కోటి 6 ఘనమీటర్లు, పోశాక టేపు 16.5 చూపించింది. బోరు సగటు వ్యాసమెంత? లారీ లెక్కతో ఎన్ని ముక్కలు తీస్తారు, టేపుతో ఎన్ని? రెండు సందర్భాల్లోనూ నిజంగా మునిగి ఉండే పొడవు రాయండి. ఆ తర్వాత మీ సైట్‌లో వచ్చే పోతకు ప్రతి లారీ తర్వాత రీడింగ్ తీసి, లోతుకు ఘనపరిమాణం గ్రాఫ్ చేత్తో గీసి పంపండి. గ్రాఫ్ లేని జవాబులు చూడను.