ఆర్కేడ్ మెషీన్లకు స్విచ్‌ల పవర్ స్ట్రిప్
ఇంట్లో ఆర్కేడ్ మెషీన్లు (నిలువెత్తు వీడియో గేమ్ పెట్టెలు) వరసగా పెట్టుకున్నవాళ్లకు తెలుసు, వాటి స్విచ్ ఎప్పుడూ చేయి దూరని చోటే ఉంటుంది: వెనకో, నెత్తినో. ఒక్కో సాకెట్‌కు విడి స్విచ్ ఉన్న పవర్ స్ట్రిప్ చేతికందే చోట బిగించి, మెషీన్ల స్విచ్‌లు ఆన్‌లోనే వదిలేయండి. ప్రతి స్విచ్ పక్కన ఆట పేరు రాసి అంటించండి.

అన్నీ ఒకేసారి మాత్రం వేయకండి. పాత కలర్ పిక్చర్ ట్యూబ్ మానిటర్ ఆన్ అయిన క్షణంలో డీగాస్ కాయిల్ (తెరకు పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే తీగచుట్ట) గట్టిగా కరెంటు లాగుతుంది, ఆ ‘డుమ్’ శబ్దం దానిదే. నాలుగైదు కలిస్తే బ్రేకర్ పడిపోవచ్చు. ఒకదాని బొమ్మ నిలబడ్డాకే రెండోది వేయండి. స్ట్రిప్ మీద రాసిన ఆంపియర్లు దాటకూడదు, స్ట్రిప్‌కి స్ట్రిప్ తగిలించడం అసలే వద్దు. లోపల కంప్యూటర్ ఉన్న మెషీన్‌నైతే షట్‌డౌన్ చేశాకే స్విచ్ కట్టేయండి, లేకపోతే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది.