డాస్ లోపల దాక్కున్న సీపీఎంని మీ ల్యాప్‌టాప్‌లోనే పట్టుకోవడం ఎలా

విండోస్‌లో కొత్త ఫోల్డర్ తెరిచి దానికి "కాన్" అని పేరు పెట్టి చూడండి. సి, ఓ, ఎన్, మూడే మూడు అక్షరాలు. ససేమిరా ఒప్పుకోదు. డీ డ్రైవ్‌లో పెట్టినా, ఎంత లోపలి ఫోల్డర్‌లో పెట్టినా అంతే. ఇది విండోస్‌కి ముందున్న డాస్, దానికీ ముందున్న సీపీఎం అనే పాత ఓఎస్‌ల నుంచి వచ్చిన అలవాటు. కారణం గూగుల్ చేస్తే రెండు లైన్లలో దొరికేస్తుంది గానీ, ఒక సాయంత్రం ఖాళీ ఉంటే దాన్ని మెమరీలో బైటు బైటుగా మన కళ్లతోనే చూడొచ్చు. నేను మొన్న ఆదివారం కూర్చుని చూశాను, మధ్యలో టీ రెండుసార్లు చల్లారింది.

కావాల్సినవి రెండే, రెండూ ఉచితం. ఒకటి సిమ్‌హెచ్ అనే ఎమ్యులేటర్లలో (పాత కంప్యూటర్లలా నటించే ప్రోగ్రాముల్లో) ఆల్టెయిర్-జెడ్80 అనేది, దానితోపాటు దొరికే సీపీఎం 2.2 డిస్క్ ప్యాకేజీ. రెండోది వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం) ఫ్రీడాస్, అంటే డాస్‌లా పనిచేసే ఉచిత ఓఎస్. ఫ్రీడాస్‌కి 500 ఎంబీ వర్చువల్ డిస్క్ ఇస్తే చాలా ఎక్కువ. ఇన్‌స్టాల్ మధ్యలో పార్టిషన్ చేసి రీబూట్ చేయమంటుంది, అది మామూలే, టెన్షన్ పడొద్దు. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు కొట్టేది మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే.

ముందు సీపీఎం. 1974లో గ్యారీ కిల్డాల్ ఇంటెల్ 8080 చిప్ కోసం రాసిన ఓఎస్ ఇది. ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, మెషీన్ మెషీన్‌కీ మారే భాగాన్ని బయాస్ అని పక్కన పెట్టేసి, ఫైళ్ల సంగతి చూసుకునే బీడాస్‌ని ఎక్కడైనా ఒకేలా ఉంచడం. కొత్త కంపెనీ కొత్త కంప్యూటర్ తెస్తే బయాస్ ఒక్కటి రాసుకుంటే సరిపోతుంది, మిగతా ప్రోగ్రాములు వాటంతట అవే నడుస్తాయి. బయాస్ అనే మాట మన నోళ్లలోకి వచ్చింది అక్కడి నుంచే.

"ఆల్టెయిర్‌జెడ్80 సీపీఎం2" అని కొడితే ఏ> అని ప్రాంప్ట్ వస్తుంది. ఇప్పుడు "పిప్ రాము.టీఎక్స్‌టీ=కాన్:" అని కొట్టి ఒక లైన్ టైప్ చేయండి. లైన్ చివర ఎంటర్ ఒక్కటే కొడితే సరిపోదు, కంట్రోల్-జే కూడా కొట్టాలి, లేకపోతే కర్సర్ అదే లైన్ మొదటికి వచ్చి కూర్చుంటుంది (నేను పావుగంట అక్కడే ఇరుక్కుపోయాను). అయిపోయాక కంట్రోల్-జెడ్. పిప్ అంటే కాపీ కమాండే, కాకపోతే ఎక్కడికి అన్నది ముందు, ఎక్కడి నుంచి అన్నది తర్వాత. కాన్: అంటే కన్సోల్, అంటే కీబోర్డూ స్క్రీనూ.

తొంభైల్లో మన ఊళ్లలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినవాళ్లకి ఈపాటికి ఏదో గుర్తుకొచ్చి ఉంటుంది. చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలోకి వెళ్లి, మొదటి క్లాసులో నేర్చుకున్నది "కాపీ కాన్" కదా? చివర కంట్రోల్-జెడ్ ఎందుకు కొట్టాలి సార్ అని అడిగితే, అది అంతే అమ్మా అనేవారు. అసలు సంగతి ఇది: సీపీఎం ఫైలు సైజుని బైట్లలో కాకుండా 128 బైట్ల ముక్కల్లో లెక్కపెడుతుంది. 130 బైట్ల ఉత్తరం రాస్తే రెండు ముక్కలు పోతాయి, కానీ రెండో ముక్కలో ఎక్కడిదాకా మనం రాసింది, ఎక్కడి నుంచి చెత్త అన్నది తెలియదు. అందుకే ఇక్కడితో అయిపోయింది అని చెప్పడానికి ఒక గుర్తు. డాస్ వచ్చాక డైరెక్టరీలో ఖచ్చితమైన సైజు రాసుకోవడం మొదలైంది, అయినా ఆ గుర్తు మాత్రం పోలేదు.

ఇప్పుడు చిన్న ప్రోగ్రాం. "డీడీటీ" అని కొట్టండి (మెమరీని చూడ్డానికీ, చిన్న ప్రోగ్రాములు రాయడానికీ సీపీఎంలో ఉండే పనిముట్టు), గీత ప్రాంప్ట్ వస్తుంది. ఇక్కడి నుంచి దీంట్లో కొట్టే అడ్రస్‌లూ సంఖ్యలూ అన్నీ హెక్స్‌లో, అంటే పదహారు ఆధారంగా లెక్క; 100 అంటే మన 256. "ఏ100" కొట్టి వరసగా నాలుగు లైన్లు: ఎంవీఐ సి,2 తర్వాత ఎంవీఐ ఇ,41 తర్వాత కాల్ 5 తర్వాత ఆర్ఈటీ. ఖాళీ ఎంటర్. "జీ0"తో బయటికొచ్చి "సేవ్ 1 ఏ.కామ్" అనండి. ఏ అని కొడితే స్క్రీన్ మీద ఏ అక్షరం పడుతుంది. మొత్తం ఎనిమిది బైట్లు. సి రిజిస్టర్‌లో (రిజిస్టర్ అంటే చిప్ లోపలి చిన్న గది) పని నంబరు (2 అంటే ఒక అక్షరం చూపించు), ఇ రిజిస్టర్‌లో ఆ అక్షరం (41 అంటే ఏ), తర్వాత బీడాస్‌కి తలుపైన అడ్రస్ 5 ని పిలవడం.

ఫ్రీడాస్‌లోకి రండి. డీడీటీ లాంటిదే ఇక్కడ "డీబగ్", అది కొట్టి "ఏ 100", మళ్లీ నాలుగు లైన్లు: ఎంఓవీ ఏహెచ్,2 తర్వాత ఎంఓవీ డీఎల్,41 తర్వాత ఐఎన్‌టీ 21 తర్వాత ఐఎన్‌టీ 20. ఖాళీ ఎంటర్ కొట్టాక "ఎన్ ఏ.కామ్", "ఆర్ సీఎక్స్" కొట్టి 8, "డబ్ల్యూ", "క్యూ". ఇదీ ఎనిమిది బైట్లే. రిజిస్టర్ల పేర్లు మారాయి, తలుపు మారింది (అడ్రస్ 5 బదులు ఐఎన్‌టీ 21), పని నంబరు మాత్రం అదే 2. డాలర్ గుర్తుతో ముగిసే వాక్యాన్ని చూపించే నంబరు 9 కూడా రెండిట్లో ఒకటే.

ఇది యాదృచ్ఛికం కాదు. 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్‌లో టిమ్ పాటర్సన్ 8086 చిప్ కోసం క్యూడాస్ రాశారు. క్యూడాస్ అంటే క్విక్ అండ్ డర్టీ అని, పేరులోనే నిజాయితీ ఉంది. 8080 ప్రోగ్రాముల్ని 8086కి తర్జుమా చేసుకుంటే పెద్దగా మార్పుల్లేకుండా నడవాలి అన్నది ఆయన ఉద్దేశం, అందుకే కావాలనే సీపీఎం పిలుపుల్ని చాలావరకు అలాగే ఉంచారు. 1981లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది, ఆ ఆగస్టులో ఐబీఎం పీసీతోపాటు పీసీ డాస్‌గా బయటికొచ్చింది. ఐబీఎం 8086 సీపీఎంని కూడా అమ్మింది, కాకపోతే అది 240 డాలర్లు, ఇది 40. ఏది అమ్ముడుపోయిందో వేరే చెప్పాలా? కాపీ కొట్టారు అని కొందరు ఇప్పటికీ గొడవపడతారు. నా మటుకు నాకు ఇది ఇల్లు దోచుకోవడం కాదు, పాత తాళంచెవులు పట్టేలా కొత్త ఇంటికి తలుపులు పెట్టడం.

ఇక అసలు తవ్వకం. ఫ్రీడాస్‌లో "డీబగ్ ఏ.కామ్ రాము.టీఎక్స్‌టీ" అని కొట్టి, తర్వాత "డి డీఎస్:0 ఎఫ్ఎఫ్" అనండి. ప్రోగ్రాం మొదలయ్యే 100కి ముందున్న 256 బైట్లు కనిపిస్తాయి. వీటిని పీఎస్‌పీ (ప్రోగ్రాం సెగ్మెంట్ ప్రిఫిక్స్) అంటారు. 5సి దగ్గర చూడండి: 00 52 41 4డి 55 20 20 20 20 54 58 54. అంటే డ్రైవ్ నంబరు ఒక బైటు, రాము, నాలుగు ఖాళీలు, టీఎక్స్‌టీ. పేరుకి ఎనిమిది గళ్లు, ఎక్స్‌టెన్షన్‌కి మూడు, చుక్క ఎక్కడా లేదు. 80 దగ్గర 09, ఆ వెనకే మనం కొట్టిన మాట ముందున్న ఖాళీతో సహా. ఇప్పుడు సీపీఎంలో డీడీటీ తెరిచి "ఐరాము.టీఎక్స్‌టీ" కొట్టి "డి5సి,67" అనండి. అవే పన్నెండు బైట్లు, అదే అడ్రస్. నాకైతే ఒక్క క్షణం ఒళ్లు ఝల్లుమంది.

ఈ గళ్లని మళ్లీ చూడండి. పేరుకి పదకొండు అక్షరాల చోటుంది, ఫోల్డర్‌కి చోటేదీ? లేదు, ఎందుకంటే 160 కేబీ ఫ్లాపీకి ఫోల్డర్లు ఎవరిక్కావాలి. 1983లో పీసీ ఎక్స్‌టీతో 10 ఎంబీ హార్డ్ డిస్క్ వచ్చేసరికి అవసరం పడింది, డాస్ 2.0లో యూనిక్స్ తరహా పిలుపులు కొత్తగా పెట్టారు. ముందుకి వాలే గీత అప్పటికే స్విచ్‌లకి (కమాండ్ వెనక ఇచ్చే ఆప్షన్లకి) వాడేస్తున్నారు కాబట్టి ఫోల్డర్ల మధ్య వెనక్కి వాలే గీత వచ్చింది. పాత పద్ధతిని మాత్రం తీసేయలేదు, తీసేస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయి.

కాన్ ఇరుక్కున్నది సరిగ్గా ఇక్కడే. సీపీఎంలో కాన్: అని కోలన్ ఉండేది, డాస్‌లో కోలన్ లేకపోయినా చెల్లుతుంది. ఫోల్డర్లు తెలియని పాత ప్రోగ్రాం కాన్ అని అడిగితే, అది ఏ ఫోల్డర్‌లో ఉన్నా స్క్రీనే దొరకాలి. విండోస్ ఇప్పటికీ అదే పాటిస్తుంది, అందుకే ఫోల్డర్‌కి ఆ పేరు ఒప్పుకోదు. ఫ్రీడాస్‌లో "కాపీ కాన్ రాము.టీఎక్స్‌టీ"తో ఒక లైన్ రాసి కంట్రోల్-జెడ్, ఎంటర్ కొట్టండి. ఎండీతో ఒక ఫోల్డర్ చేసి, సీడీతో అందులోకి వెళ్లి, అక్కడి నుంచి "కాపీ ..\రాము.టీఎక్స్‌టీ కాన్" అనండి. మీరు రాసిన లైన్ స్క్రీన్ మీదకొస్తుంది. డిర్ కొట్టి చూస్తే ఆ ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది.