సామెతలతో టర్కిష్ – నాలుగో పాఠం: ఒక చేతికి ఏముంది?

పోయిన పాఠంలో 'వర్', 'యొక్' అనే రెండు మాటలు నేర్చుకున్నాం కదా, ఉంది, లేదు. ఇంట్లో కంటపడిన ప్రతి వస్తువునూ చూసి వారం పాటు పైకి అనమన్నాను. సు వర్ (నీళ్ళున్నాయి), చాయ్ వర్, ఎక్‌మెక్ యొక్ (రొట్టె లేదు). ఇంకా చేయనివాళ్ళు ఓ రెండు రోజులు చేసి అప్పుడు రండి, తొందరేం లేదు, ఎందుకంటే ఇవాళ్టి సామెత మొత్తం ఆ 'వర్' మీదే నిలబడింది.

బిర్ ఎలిన్ నెసి వర్, ఇకి ఎలిన్ సెసి వర్.

ముందు అర్థం జోలికి పోకుండా నాలుగైదు సార్లు గట్టిగా చదవండి. టర్కిష్‌లో ఎనిమిది అచ్చులున్నాయి, వాటిలో మన నోటికి కొత్తవి మూడు. ఈ సామెతలో ఆ మూడూ లేవు. ఇ, ఎ, అ, అంతే. మొదట్లోనే ఈ సామెత పెట్టడానికి అదీ ఒక కారణం. 'వర్' అనేటప్పుడు మాత్రం నోరు కాస్త పెద్దగా తెరవండి, కానీ 'వార్' అని సాగదీయొద్దు. చివరి 'ర్' ని మనలా దొర్లించరు, తేలిగ్గా వదిలేస్తారు, దాంతో కొంచెం గాలి చప్పుడు కలుస్తుంది. మామూలు మాటల్లో 'బిర్' కాస్తా 'బి' అయిపోవడం కూడా వింటారు, కంగారు పడొద్దు.

ఇప్పుడు ముక్కలు విడదీద్దాం. బిర్ అంటే ఒకటి, ఇకి అంటే రెండు. ఎల్ అంటే చెయ్యి, 'ఎలిన్' అంటే చేతి. మనం చెయ్యి అనే మాటను 'చేతి' అని మార్చి తర్వాతి మాటకు తగిలిస్తామే, టర్కిష్‌వాళ్ళు ఆ పనికి 'ఇన్' చేరుస్తారు. నె అంటే ఏమి, సెస్ అంటే చప్పుడు, గొంతు అని కూడా. మొత్తం కలిపితే: ఒక చేతికి ఏముంది? రెండు చేతులకి చప్పుడుంది.

మనలో చాలామంది కొత్త భాషని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటాం. అలా వచ్చినవాళ్ళు ఇక్కడ 'హ్యావ్' అనే క్రియ కోసం వెతుకుతారు, అది టర్కిష్‌లో లేదు. తెలుగులోనూ లేదు! నాకు ఇల్లుంది, ఆయనకి ఇద్దరు కూతుళ్ళున్నారు, వాళ్ళకి పొలం లేదు అంటాం. ఉంది, లేదులతోనే మన సంసారం మొత్తం నడుస్తుంది, వాళ్ళదీ అంతే. కాబట్టి ఈ వాక్యాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకుని మళ్ళీ వెనక్కి తెచ్చుకోకండి, తెలుగు నుంచి నేరుగా వెళ్ళండి, దారి చాలా దగ్గర.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. 'చేతి చప్పుడు' అన్నప్పుడు మనం మొదటి మాటనే మార్చి ఊరుకుంటాం. టర్కిష్‌లో రెండో మాటకీ గుర్తు పడుతుంది, 'చేతి, దాని చప్పుడు' అన్నట్టు. తాడుకి రెండు కొసల్లోనూ ముడి వేసినట్టు అనుకోండి. సెస్ హల్లుతో ముగిసింది కాబట్టి ఊరికే 'ఇ' చేరి సెసి అయింది. నె అచ్చుతో ముగిసింది కాబట్టి మధ్యలో ఒక 'స్' వచ్చి కూర్చుంది, నెసి. వినడానికి నెసి, సెసి జంటలా ఉన్నాయి గానీ, నెసిలో 'స్' వంతెన కోసం వచ్చింది, సెసిలోది మాటలోనే పుట్టింది. ఇది అర్థమైందా లేదా అని పరీక్షించుకోవడానికి ఇంకోటి: ఎవ్ అంటే ఇల్లు, బహ్‌చె అంటే తోట (మనం వినే బగీచాకి చుట్టమే, రెండూ పారశీకం నుంచి వచ్చాయి). ఇంటి తోట? ఎవిన్ బహ్‌చెసి. బహ్‌చె అచ్చుతో ముగిసింది, వంతెన పడింది.

ఇంకో చిన్న తేడా, అంకె తర్వాత బహువచనం పెట్టరు. రెండు చేతులు కాదు, 'ఇకి ఎల్', రెండు చెయ్యి. వింటే పొరపాటులా అనిపిస్తుంది, కానీ అదే సరైనది.

మరి 'ఇన్' ఎప్పుడూ ఇన్ గానే ఉంటుందా? ఉండదు. ముందున్న అచ్చును బట్టి మారుతుంది. కొల్ అంటే భుజం నుంచి మొదలయ్యే చెయ్యంతా, దానికి చేరితే 'కొలున్', కొలిన్ కాదు. ఇదేం వింత కాదు, పిల్లికి అంటాం, కుక్కకు అంటాం, 'ఇ' కారం తర్వాత 'కి' రావడం మనకి ఎవరూ నేర్పకుండానే వచ్చింది కదా. వాళ్ళ నియమం ఇంకా విస్తారమైనది, దానికి వేరే పాఠం పెడతాను.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. ఈ సామెత చదవగానే మీలో చాలామందికి 'ఒక చెయ్యి తడితే చప్పుడవుతుందా' అన్న మన మాట గుర్తొచ్చే ఉంటుంది. నిజమే, బొమ్మ ఒకటే. కానీ దాన్ని మనం ఎక్కడ వాడతాం? చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ కొట్టుకుంటే, ఎవరు మొదలుపెట్టారో వినకుండానే అమ్మ ఆ మాట అనేసి ఇద్దరికీ చెరొకటి వేసేది. తగవులో తప్పు ఇద్దరిదీ అని చెప్పడానికి మనం ఎక్కువగా దాన్ని వాడతాం. టర్కీలో ఆ చప్పుడు మంచిది. ఒక్కడివల్ల ఏమవుతుంది, ఇద్దరు కలిస్తే పని జరుగుతుంది అని చెప్పడానికి వాడతారు. కాబట్టి అర్థంలో దీనికి దగ్గరగా వచ్చేది మన చప్పట్ల సామెత కాదు, 'తలో చెయ్యి వేయండి' అన్న మాట. ఇద్దరు టర్కిష్ స్నేహితులు గొడవపడుతుంటే మధ్యలోకి వెళ్ళి ఈ సామెత అనకండి, కలిసి పనిచేయమని చెబుతున్నారనుకుంటారు.

ఎక్కడ అనాలి? పక్కింటివాళ్ళు బల్ల ఒక్కరే మోస్తూ 'వద్దులెండి, నేను చూసుకుంటా' అంటారు, మీరు రెండో వైపు పట్టుకుంటూ అనండి. సామెత ప్రశ్న, జవాబుగా ఉంది కాబట్టి మొదటి సగం మీరు అంటే రెండో సగం అవతలివాళ్ళు అందుకోవచ్చు కూడా.

ఈ సామెతతో పాటు నేర్చుకోవాల్సిన మాట ఇమెజె. 1928లో టర్కీ అరబిక్ లిపి వదిలి లాటిన్ లిపికి మారింది, అందులో 'సి' అక్షరాన్ని 'జ' అని పలకాలి, ఇమెకె అని చదవొద్దు. ఊళ్ళో అందరూ కలిసి ఒకరి పనో, ఊరి పనో చేసుకోవడాన్ని ఇమెజె అంటారు. ఇవాళ మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. చలికాలానికి ముందు ఊళ్ళలో ఆడవాళ్ళు కలిసి యుఫ్కా చేసుకుంటారు, అది కాగితమంత పల్చటి రొట్టె. ఒకరు పిండి ముద్దలు చేస్తారు, ఇంకొకరు ఒక్‌లవా అనే సన్నటి పొడవాటి కర్రతో ఒత్తుతారు, మరొకరు మంట మీద బోర్లించిన మూకుడులాంటి ఇనుప పెనం దగ్గర కూర్చుని తిరగేస్తారు. మండువేసవిలో మేడ మీద అప్పడాలు ఒత్తిన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ దృశ్యం నేను వర్ణించక్కర్లేదు.

అన్నట్టు, 'ఎల్' అనే పలుకుతోనే ఇంకో మాట ఉంది, దానికి అర్థం పరాయివాళ్ళు. ఎల్ ఆలెమ్ నె దెర్ అంటే 'నలుగురూ ఏమంటారు'. అక్కడ చేతుల కోసం వెతకొద్దు.

ఈ వారం పని. కెది అంటే పిల్లి. 'పిల్లికి ఇల్లుంది', 'ఇంటికి తోట లేదు', 'రెండు ఇళ్ళకి తోట ఉంది', ఈ మూడూ టర్కిష్‌లో రాయండి. కెది అచ్చుతో ముగుస్తుంది, దానికి 'ఇన్' చేర్చేటప్పుడు వంతెనగా 'స్' కాదు, 'న్' వస్తుంది. రాశాకే జవాబులు చూడండి: కెదినిన్ ఎవి వర్. ఎవిన్ బహ్‌చెసి యొక్. ఇకి ఎవిన్ బహ్‌చెసి వర్.

సామెతను రోజూ పది సార్లు అనండి, మొదటి సగానికి ఒక చెయ్యి ఊరికే గాల్లో ఊపి, రెండో సగంలో 'సెసి' దగ్గర చప్పట్టు కొట్టండి. వచ్చే పాఠంలో ఒంటరి రాయి గోడ కాదు అనే సామెత చేద్దాం. అందులో గోడని 'దువర్' అంటారు, హైదరాబాదులో దీవార్ అనే మాట విన్నవాళ్ళు ఇప్పటికే సగం నేర్చేసుకున్నట్టే. ఆ దువర్‌లో వినిపించే 'వర్' మాత్రం మన ఇవాళ్టి 'వర్' కాదు.