కొండ కోసం గ్రామసభ తీర్మానం చేయించే పద్ధతి

గనుల ప్రతిపాదన వినబడగానే గిరిజన కార్యకర్త ఊరి పెద్దలతో కలిసి కొండ ఎక్కి, ఊటచెలమలు, శ్మశానాలు, దేవతల రాళ్లు, అడ్డాకులు కోసే చోట్లు ఒక్కొక్కటిగా పటంలో గుర్తించాలి. అటవీ హక్కుల నిబంధనల కింద ఇవీ, పెద్దల వాంగ్మూలాలూ సాక్ష్యంగా చెల్లుతాయి.

గ్రామసభకు సభ్యులలో కనీసం సగం మంది, హాజరైనవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. కోరం తక్కువైతే ఎంత న్యాయమైన తీర్మానమైనా వీగిపోతుంది కనుక, పోడు పనులూ సంతా లేని రోజునే సభ పెట్టించాలి. తీర్మానాన్ని ఊరి భాషలో చదివి వినిపించాకే, సిరా అంటిన వేళ్లు రిజిస్టరు తాకాలి.

2013లో సుప్రీంకోర్టు తీర్పు ననుసరించి ఒడిశాలోని నియమగిరిలో సమావేశమైన 12 గ్రామసభలూ బాక్సైట్ తవ్వకాన్ని తిరస్కరించాయి. ఆ తీర్పు ప్రతిని తీర్మానానికి జతచేసి, కలెక్టరు కార్యాలయంలో రసీదు తప్పక తీసుకోవాలి.