పాత లయబిలిటీ పాలసీ బయటికి తీయండి: కలుషితమైన స్థలం బాగుచేతకు డబ్బు ఎలా రాబట్టాలి

మన వరంగల్ దగ్గర మడికొండలోనో ములుగు రోడ్డు మీదనో మూతబడ్డ మిల్లు, రసాయనాల గోదాం, పాత పెట్రోలు బంకు కొన్నారనుకోండి. భూమిలో ఇంకిపోయింది కూడా మీ తలకే చుట్టుకుంటుంది. పక్కింటి బోరు నీళ్లు డీజిల్ వాసన కొట్టిన రోజున జనం వచ్చి నిలబడేది మీ గేటు ముందే. ఆ ఖర్చులో కొంత పాత లయబిలిటీ పాలసీ నుంచి, అంటే ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి పరిహారం కట్టే బీమా నుంచి, రాబట్టవచ్చు. దారి ఇరుకే గానీ, ఉంది.

ఎంత పాత పాలసీ మీదైనా ఎప్పుడైనా క్లెయిము వేయొచ్చన్న అపోహ ముందు తీసేయాలి. అమెరికాలో 1986కు ముందు తీసుకున్న పాత పాలసీల మీద ఇప్పటికీ క్లెయిములు వేస్తారు. అవి ఎక్కువగా నష్టం జరిగిన సంవత్సరాన్ని బట్టి పనిచేసే పాలసీలు కాబట్టి అక్కడ అది కుదురుతుంది. మన దగ్గర పరిశ్రమలకు ఇచ్చే పబ్లిక్ లయబిలిటీ పాలసీ మామూలుగా క్లెయిమ్స్‌మేడ్ పద్ధతిలో ఉంటుంది. అంటే ఘటన రెట్రోయాక్టివ్ డేట్ (పాలసీ వెనక్కి ఎప్పటినుంచి వర్తిస్తుందో చెప్పే తేదీ) తర్వాత జరిగి ఉండాలి, ఎదుటివాళ్ల రాతపూర్వక క్లెయిము పాలసీ నడుస్తుండగానే రావాలి. అందుకే పాలసీ చేతికందగానే షెడ్యూలు పేజీలో ఆ తేదీ గడి చూడండి. పదేళ్లు ఆపకుండా రెన్యూ చేస్తే ఆ తేదీ పదేళ్ల వెనక్కే ఉంటుంది. మధ్యలో ఒక్క ఏడాది తప్పితే కొత్త పాలసీలో తేదీ ముందుకు జరిగిపోతుంది, పాత లీకేజీ గాలికి పోతుంది.

పాలసీ ఆగిపోయినా రెండు కిటికీలు తెరిచే ఉండవచ్చు. మొదటిది, గడువు ముగిశాక 90 రోజులు మించకుండా క్లెయిము తెలిపే వెసులుబాటు. అదే రిస్కుకు వేరే పాలసీ తీసుకోనప్పుడే ఇది వర్తిస్తుంది. రెండోది చాలామంది పట్టించుకోరు. పాలసీ నడిచిన రోజుల్లో "ట్యాంకు కారింది, దీనివల్ల క్లెయిము రావచ్చు" అని బీమా కంపెనీకి ఉత్తరం ఇచ్చి ఉంటే, కంపెనీ దాన్ని ఒప్పుకుని ఉంటే, ఆ తర్వాత వచ్చిన క్లెయిమును కూడా అప్పుడే వచ్చినట్టు లెక్కిస్తారు. కాబట్టి పాలసీ ఒక్కటే వెతికితే చాలదు. ఇన్‌వర్డ్ ముద్ర (అందినట్టు ఆఫీసు వేసే ముద్ర) పడ్డ ఆ పాత ఉత్తరం నకలు దొరికితే, అది పాలసీ కంటే విలువైన కాగితం.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? పాత యజమాని బీరువాలో దొరకకపోతే ఆడిటరు దగ్గరి లెడ్జర్లు, అప్పిచ్చిన బ్యాంకు ఫైలు, కాలుష్య నియంత్రణ మండలికి పెట్టిన సీఎఫ్‌ఓ (పరిశ్రమ నడిపే అనుమతి) దరఖాస్తు జతలు చూడండి. లెడ్జరులో ఒక గుర్తు పట్టుకోండి: ఒకే రోజు ఇన్సూరెన్సుకు రెండు సమానమైన మొత్తాలు కట్టినట్టు ఉంటే, అది చాలావరకు 1991 పబ్లిక్ లయబిలిటీ చట్టం కింద తీసుకున్న పాలసీ. ఆ చట్టం ప్రకారం ప్రీమియంతో సమానంగా పర్యావరణ సహాయ నిధికి కూడా కట్టాలి. పాలసీ నంబరు దొరికిందా, ప్రభుత్వ బీమా కంపెనీలదైతే మొదటి ఆరంకెలు సాధారణంగా జారీ చేసిన ఆఫీసు కోడు. ఆ ఆఫీసు మూతపడి ఉంటే రీజినల్ ఆఫీసుకు రాయండి. జవాబు రాకపోతే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 1973కు ముందు ప్రైవేటు కంపెనీ ఇచ్చిన పాలసీ అయితే, జాతీయీకరణలో ఆ కంపెనీ నేషనల్, న్యూ ఇండియా, ఓరియెంటల్, యునైటెడ్ ఇండియాల్లో ఒకదాంట్లో కలిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. స్థలం మాత్రమే కొన్నవాళ్లకు పాత పాలసీ సంక్రమించదు. కంపెనీ వాటాలు కొంటే కంపెనీతో పాటు పాలసీ వస్తుంది. స్థలమే కొంటే, మీరు పాత యజమానికి స్పీడ్ పోస్టులో క్లెయిము నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆయన వెంటనే బీమా కంపెనీకి పంపాలి. ఆ లంకె తెగితే కథ అక్కడితో ఆగిపోతుంది.

పాలసీలో కాలుష్యానికి విడిగా ఎక్స్‌టెన్షన్ (అదనంగా చేర్చిన రక్షణ) ఉందో లేదో చూడండి. ఉన్నా మామూలుగా "హఠాత్తుగా, ప్రమాదవశాత్తు" జరిగిన దానికే వర్తిస్తుంది. ఏళ్ల తరబడి బొట్టుబొట్టుగా కారిందంటే కంపెనీ కాదంటుంది. 1991 చట్టంలో మాత్రం ప్రమాదం నిర్వచనం కొంచెం విశాలం: పదే పదే సోకే ప్రభావాన్ని కూడా అందులో చేర్చారు. చట్టం జాబితాలోని ప్రమాదకర పదార్థం వల్ల నష్టపోయినవాళ్లు ఐదేళ్లలోపు కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నీటి నమూనాల దగ్గర తొందరపడకండి. మన నేల కింద ఉన్నది గ్రానైటు. కలుషితం పగుళ్ల వెంట పోతుంది కాబట్టి పక్క బోరు బాగుండి, దూరాన ఉన్న బోరు పాడవ్వొచ్చు. అందుకని కనీసం నాలుగు దిక్కులా నమూనా తీయండి, వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి. పెట్రోలు అనుమానమైతే 40 మిల్లీలీటర్ల గాజు వయల్ అంచుదాకా నింపి, మూత బిగించి తలకిందులు చేయండి. లోపల బుడగ కనిపిస్తే పారబోసి మళ్లీ నింపండి, లేకపోతే పెట్రోలులోని బెంజీన్ ఆవిరై ఆ బుడగలోకి పోయి రిపోర్టులో తక్కువ కనపడుతుంది. ఐసులో పెట్టి ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబుకు వీలైనంత త్వరగా చేర్చండి.

బిల్లులు మూడు కట్టలుగా పెట్టుకోండి. పక్కవాళ్లకు తోలిన ట్యాంకర్లు, కొత్త బోరు, పంట నష్టం ఒక కట్ట. క్లెయిములో నిలబడేది ఇదే. పాలసీ ఉన్నవాళ్ల సొంత మట్టి తవ్వి ఎత్తిన ఖర్చు రెండోది; సాధారణంగా రాదు. మండలి వేసిన జరిమానా మూడోది, అసలే రాదు. 2025 జూలైలో వచ్చిన కలుషిత స్థలాల నిబంధనలు శుద్ధి ఖర్చును కలుషితానికి బాధ్యులైనవాళ్ల మీదే వేస్తున్నాయి. అందుకని ఎవరి హయాంలో ఏం కారిందో చూపే కాగితం ఏదీ పారేయకండి.

క్లెయిములు ఎక్కువగా చెడేది పంచాయితీలో. పెద్దమనుషులు కూర్చోబెట్టగానే పాలసీ ఉన్న యజమాని "తప్పు మాదే, ఇంత ఇస్తాం" అని బాండు పేపరు మీద రాసిస్తాడు. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పొప్పుకున్నా, డబ్బు ఇస్తామని మాటిచ్చినా పాలసీ షరతు ఉల్లంఘనే. నీళ్లు లేనివాళ్లకు ట్యాంకరు తప్పక తోలండి, అది ఆపకండి. రసీదు మీద మాత్రం "బాధ్యత అంగీకరించకుండా, మానవతా దృష్టితో" అని రాయించి, అదే రోజు కంపెనీకి మెయిలు పెట్టండి.

తిరస్కరణ ఉత్తరం వస్తే దాని మీది తేదీ రాసిపెట్టుకోండి. వ్యక్తులకు, సొంత పేరున నడిపే చిన్న వ్యాపారాలకు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి) దగ్గర ఏడాది గడువు ఉంటుంది, వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు.